దొర గని దారిలో పచ్చ తువ్వాలు

నాకు భయం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత రాసేదంతా మీరు తేలిగ్గా నమ్ముతారు. గూడ్సు బండి గార్డుగా ఉద్యోగమంతా చివరి పెట్టెలో ఒక్కణ్నే కూర్చుని చేశాను. అడవి మధ్యలో బండి ఆగిందంటే చాలు, ఓ మూలకి నక్కి గుర్తొచ్చిన దేవుళ్లందరికీ దణ్ణాలు పెట్టేవాణ్ని. మా అక్క మొగుడు అప్పల్రాజు బావ అదే లైన్లో డ్రైవరు. బండికి ముందు ఆయన, వెనక నేను. ఆయనకి భయమనేది తెలీదు, ఆయన వాటా కూడా నాకే వచ్చింది.

మొన్న శివరాత్రి వెళ్లిన ఐదు రోజులకి బావ ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లోని మా ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చోకుండానే అన్నాడు.

"రేపు దొర గనికి ఎల్తన్నాను. నువ్వూ రా."

దొర గని కథ ఖరగ్‌పూర్ తెలుగువాళ్లలో తెలియనివాళ్లు తక్కువ. తెలియని మీకోసం చెప్తాను. ఇంగ్లీషువాళ్ల కాలంలో ఓ దొర ఖనిజాలు వెతుక్కుంటూ టాటా వైపు లైన్లో ఉన్న గాలూడీ అవతల నీటిచుక్క లేని బోడిగుట్టల్లో తిరిగేవాడట. అక్కడ బంగారు గని కనిపెట్టాడట. ఒళ్లు కాలే జ్వరంతో గూడ్సు బండెక్కి ఖరగ్‌పూర్ చేరేసరికి ఆయన చేతిరుమాల్లో పసుపు చారలున్న తెల్లరాయి ఉందట. ప్రాణం పోయే ముందు, గొంతులో నీళ్లు పోసిన మన తెలుగు వార్డుబోయ్‌తో ఒకే మాట చెప్పాడట. రైల్లోంచి చూస్తే ఎద్దు మూపురాల్లా రెండు గుట్టలు కనిపిస్తాయి, వాటి నడుమ తెల్లరాతి గోడ దగ్గర ఉంది అని. ఆ దొర పేరు ఒక్కో ఇంట్లో ఒక్కోలా చెప్తారు. కూలివాళ్లకి గుట్టు తెలిసిపోతుందని ఇద్దర్ని ఆ గని గోతిలోకే తోసేశాడనీ, అప్పట్నుంచి ఆ గొయ్యి మనుషుల్ని పిలుస్తుందనీ కొన్ని ఇళ్లలో చెప్తారు. నేను నమ్మేది ఆ కథే.

బావ తండ్రి సూరన్న బొగ్గు ఇంజన్ల రోజుల్లో నిమ్‌పురా షెడ్డులో, ఇంజన్‌కి బొగ్గు వేసే ఫైర్‌మన్. బావకి ఊహ తెలిసీ తెలియని వయసులో ఓ సెలవునాడు ఆ గని వెతకడానికి వెళ్లాడు. మళ్లీ రాలేదు. బంగారం దొరికి ఎక్కడో రాజాలా బతుకుతున్నాడని కొందరు, ఇంకో పెళ్లి చేసుకున్నాడని కొందరు అనేవారు. బావ తల్లి మాత్రం పోయేదాకా బొట్టు తీయలేదు, ఆయనకి ఏ కర్మా చేయనివ్వలేదు. బతికున్నవాడికి పిండమేంటని అడ్డంపడేది.

"ఇన్నాళ్లు ఊరుకుని ఇప్పుడెందుకు బావా?" అన్నాను.

"నానున్నప్పుడే తేలాల. నా పిల్లలకి ఈ పీడ ఒగ్గీసి ఎల్లను," అన్నాడు.

బావకి చెవులు దాదాపు పోయాయి. ఇంజన్ మోతలో బతికినవాళ్లకి అది మామూలే. చెవి మిషను ఉంది గానీ, కీచుమంటోందని జేబులోనే పెట్టుకుంటాడు. అలాంటి మనిషి ఒంటరిగా గుట్టలెక్కితే ఏమవుతుందో నాకు వెంటనే కళ్ల ముందు కనిపించింది. రానని చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో వాళ్లుండే తాల్‌బగీచా నుంచి అక్క ఫోను.

"మా మావ అలగే ఎల్లినాడురా," అంది అక్క. "నీ బావని ఒక్కడ్నీ ఒగ్గీకు. ఎలగ తీసుకెల్తావో అలగే తిరిగి తీసుకొచ్చీ."

అక్కకి మాటిచ్చాను.

మర్నాడు పొద్దున్న ఆరు దాటాక టాటా వైపు లోకల్. ఆ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ముందే కనుక్కోండి, ఖరగ్‌పూర్‌లో ఒక చివరనుంచి ఇంకో చివరకి నడిచేలోపు బండి వెళ్లిపోతుంది. టికెట్టు ఖర్చు టీ, సమోసాలకయ్యేంతే. అక్క స్టేషనుదాకా వచ్చింది. ఇడ్లీల డబ్బా, రెండు సీసాల నీళ్లు, ఎండకి తలకి చుట్టుకోమని నాకో కొత్త పచ్చ తువ్వాలు ఇచ్చింది.

"రిటైరైనా ఈడికి పచ్చజెండా తప్పనేదు," అని బావ నవ్వాడు.

బండి కదిలేటప్పుడు వెనక పెట్టెలోంచి గార్డు పచ్చజెండా ఊపాడు. బావ కిటికీలోంచి వెనక్కి తొంగిచూసి చెయ్యెత్తి బదులిచ్చాడు. ఇంజన్లో ఉన్న డ్రైవరు చేయాల్సిన పని అది. రిటైరైన ఇన్నేళ్లకి కూడా, మామూలు ప్రయాణికుడిగా కూర్చున్నా, ఆ చెయ్యి దానంతటదే లేస్తుంది. నేనూ తక్కువవాణ్ని కాదు. ఏ స్టేషన్లో బండి కదిలినా లేచి తలుపు దగ్గరికెళ్లి రెండు వైపులా చూస్తాను.

ఝార్‌గ్రామ్‌లో సాల చెట్టు ఆకుల విస్తళ్ల మూటతో ఒకావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. మా మాటలు విని, ఎక్కడికి దాదా అని బెంగాలీలో అడిగింది. గాలూడీ గుట్టలకని చెప్పాను. ఆవిడ మూట దగ్గరికి లాక్కుంది.

"ఏనుగులు దిగాయి దాదా. మొన్న మా ఊరి బయట ఒక మనిషిని కాలికింద వేసింది. గుట్టల వైపు ఎందుకు?"

బావకి ఇది వినబడలేదు. ఏమంటోంది అని నన్నడిగాడు. ఏనుగులట అని చేతులతో తొండం చూపించాను. "ఆటి దారి ఆటిది," అని కిటికీవైపు తిరిగాడు. ఆవిడ నావైపు జాలిగా చూసింది. నేను ఇడ్లీల డబ్బా మూత పెట్టేశాను.

ఘాట్‌శిలా దాటగానే బావ లేచి నిలబడ్డాడు. కుడివైపు దూరంగా బూడిదరంగులో రెండు గుట్టలు, ఎద్దు మూపురాల్లాగే. ఒక్క పచ్చని చెట్టు లేదు.

"సర్వీసంతా సూసినాన్రా ఈటిని," అన్నాడు బావ. "బండి ఆపి దిగీలేను గదా. సిగ్నల్ ఉంటే ఎలిపోవాల."

తొమ్మిదిన్నర ప్రాంతంలో గాలూడీలో దిగాం. స్టేషను బయట టీ బాగుంటుంది. రాత్రి ఉండాలనుకునేవాళ్లకి లాడ్జీలు ఘాట్‌శిలాలో దొరుకుతాయి. మేం సాయంత్రం బండికి తిరిగొచ్చేయాలని నేను పట్టుబట్టాను. చీకటి పడ్డాక ఆ చుట్టుపక్కల ఉండటం నావల్ల కాదు. ఆటో మాట్లాడుకుని బయల్దేరాం. తారురోడ్డు, తర్వాత ఎర్రమట్టి, తర్వాత ఉత్త రాళ్లు. ఆటోవాడు ఒక చిన్న ఊరి చివర ఆపేసి, ఇక్కడే ఉంటాను, మూడింటిలోపు రాకపోతే వెళ్లిపోతానన్నాడు. ఎందుకని అడిగితే తల తిప్పుకున్నాడు. ఆ ఊరి పేరు రాయను. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

ఊళ్లో చివరి గుడిసె ముందు ఒక ముసలమ్మ కొయ్య పళ్లెం ఎండబెడుతోంది. సువర్ణరేఖ నది ఇసుకని అలాంటి పళ్లెంలో జాడించి, అడుగున మిగిలే బంగారు రవ్వలు ఏరుకుంటారు అక్కడివాళ్లు. రోజంతా వంగుని చేస్తే గింజంత దొరకడం కూడా అదృష్టమేనట. దారి అడిగాను. ఆవిడ పళ్లెం కింద పెట్టింది.

"అక్కడ బంగారం లేదు బాబూ. గోతులున్నాయి. ఆకులు రాలాయి, ఏది నేలో ఏది గొయ్యో తెలీదు. మా మేకల్ని కూడా అటు పోనివ్వం."

నేను బావ చొక్కా పట్టుకుని, చెవి దగ్గర అరిచి ఇదంతా చెప్పాను. బావ వినిపించుకుని, తలూపి, గుట్టవైపు నడక మొదలుపెట్టాడు. అక్క మొహం గుర్తొచ్చి నేనూ వెనకే కదిలాను.

ఎక్కడం మొదలుపెట్టిన కాసేపటికే ఊరి చప్పుళ్లు ఆగిపోయాయి. పిట్ట లేదు, గాలి లేదు. రాళ్ల వేడి చెప్పుల్లోంచి పాదాలకి తగులుతోంది. చెట్లన్నీ మోడులు, కింద మోకాలి లోతు ఎండుటాకులు. అడుగేస్తే వచ్చే కరకర శబ్దం నాకు మా వెనక ఇంకెవరో నడుస్తున్నట్టు వినబడేది. ఆగితే అదీ ఆగేది. ఒకచోట ఏనుగు లద్దె కనిపించింది. ఇంకా పచ్చిగానే ఉంది. "బావా, వెనక్కెల్దాం," అని అరిచాను. ఆయనకి వినబడదని తెలిసే అరిచాను, నా గొంతు నాకైనా తోడుంటుందని.

మధ్యాహ్నం కావస్తుండగా రెండు గుట్టలు కలిసే లోయలోకి దిగాం. బావ ముందు, నేను చాలా వెనక. ఆయాసం వచ్చి నేను పక్కనున్న ఎత్తైన బండమీదికి ఎక్కి కూలబడ్డాను. అక్కణ్నుంచి లోయంతా కనిపించింది. అటు చివర నిజంగానే తెల్లరాతి గోడ. ఎండకి దానిమీద పసుపుగా ఏవో మెరుస్తున్నాయి. గొయ్యి మాట నమ్మినా గోడ మాట కథేననుకున్నవాణ్ని, కళ్లెదురుగా చూసేసరికి ఒళ్లు జలదరించింది. బావ దాన్ని చూశాడు. నడక వేగం పెంచాడు.

అప్పుడు నాకు రెండోది కనిపించింది. బావకీ ఆ గోడకీ మధ్య ఆకుల పరుపు ఒకచోట లోపలికి జారి ఉంది. ఆ పల్లం మధ్యలో, ఎండిన కొమ్మల సందులో నల్లటి చీకటి. పైనుంచి చూస్తున్నాను కాబట్టి తెలిసింది. కింద నడిచే మనిషికి అదంతా ఒకే నేల.

"బావా! ఆగు! బావా!"

గుట్టలు నా గొంతుని నాకే తిరిగి ఇచ్చాయి. బావ నడుస్తూనే ఉన్నాడు. సరిగ్గా అప్పుడే దారి వంపు తిరిగింది, బావ వెనక్కి చూశాడు. వంపు వచ్చిన ప్రతిచోటా డ్రైవరు వెనక్కి తిరిగి బండి తోక చూసుకోవాలి, ఆ అలవాటది. దేవుడున్నాడనుకుని, తలకున్న తువ్వాలు లాగి, ఆగమని శక్తికొద్దీ ఊపాను.

బావ చెయ్యెత్తాడు. ఇంజన్లోంచి ఎత్తినట్టే ఎత్తి, తిరిగి ముందుకి నడిచాడు.

నా చేతిలో ఉన్నది పచ్చ తువ్వాలు. వెనకనుంచి గార్డు పచ్చజెండా ఊపితే డ్రైవరుకి ఒకటే అర్థం, అంతా బాగుంది, పో అని. ఆ అర్థం మా ఇద్దరి ఎముకల్లో ఉంది. నా చేత్తో నేనే బావని గోతిలోకి పొమ్మన్నాను. అంత భయం నా బతుకులో ఎప్పుడూ పడలేదు, ఇకమీదా పడననుకుంటాను. అక్కకి ఏం చెప్పాలి, ఏ మొహంతో తాల్‌బగీచా వీధిలోకి వెళ్లాలి అని అంత గాభరాలోనూ అనిపించింది.

తువ్వాలు విసిరేసి, అందిన రాయి తీసుకుని బావ వైపు విసిరాను. అది ఆయన్ని దాటి, ముందున్న ఆకుల్లో పడి దొర్లింది. బావ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు, తిట్టడానికి నోరు తెరిచి. నేను రెండు చేతులూ నెత్తిమీదికి నిటారుగా ఎత్తి నిలబడ్డాను. లైన్‌మీద జెండా లేనివాడు ప్రమాదమని చెప్పేది ఇలాగే. గ్యాంగ్‌మన్ దగ్గర్నుంచి డ్రైవరుదాకా ఇది తెలియనివాడు ఉండడు.

బావ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపేశాడు. మెల్లగా ముందుకి తిరిగి చూశాడు. నేను విసిరిన రాయి ఇంకా దొర్లుతోంది. ఆకుల మీదుగా పల్లంలోకి జారి, బావ చూస్తుండగానే మాయమైంది.

బండమీదనుంచి ఎలా దిగానో తెలీదు, మోచేతులు రెండూ దోక్కుపోయాయి. నేను చేరేసరికి బావ నేలమీద కూర్చుని ఉన్నాడు.

"పచ్చ సూపించినావు గదరా," అన్నాడు. "నాను ఎలిపోనా మరి?"

నేను ఆయన భుజం పట్టుకుని ఏడ్చాను. అరవై దాటినవాణ్ని, ఏడవడానికి సిగ్గుపడలేదు.

తర్వాత బావ బోర్లాపడుకుని, నన్ను కాళ్లు పట్టుకోమని, రాతి అంచుమీదుగా పాక్కుంటూ వెళ్లి లోపలికి తొంగిచూశాడు. లోపల్నుంచి చల్లటి, మురిగిన నీళ్ల వాసన వచ్చింది. ఒక రాయి జారవిడిచాడు.

"ఇనపడ్డాదా?" అని అడిగాడు.

వినబడింది. నేను ఆశ వదులుకున్నాక వినబడింది. అవునని ఆయన కాలిమీద తట్టాను. బావ చాలాసేపు అలాగే పడుకుని ఆ చీకట్లోకి చూశాడు. తెల్లరాతి గోడ అక్కడికి నాలుగడుగుల్లో ఉంది. పక్కనుంచి చుట్టి వెళ్లొచ్చు. దానిమీద మెరిసేది బంగారమో అభ్రకమో గోటితో గీకితే తెలిసిపోయేది. బావ లేచి, దుమ్ము దులుపుకుని, దానివైపు చూడకుండా వెనక్కి తిరిగాడు. నేనూ చూడలేదు. ఈసారి నేను ముందు నడిచాను, ఆయన నా చొక్కా కొస పట్టుకుని నా వెనక నడిచాడు.

దిగేసరికి రెండు దాటింది. ముసలమ్మ మమ్మల్ని చూసి దణ్ణం పెట్టుకుంది. చెంబుతో నీళ్లిచ్చి, పొయ్యిలో బూడిద తీయడానికి వంగింది. బావ తాగుతున్న చెంబు దించాడు.

"సింహాచలం," అని నన్ను పిలిచాడు. "ఆ పార సూడు."

ఆవిడ చేతిలో ఉన్నది పాత ఇనప పార. అరిగి అరిగి కాగితంలా అయింది, కర్ర ఎవరో కొత్తది వేశారు. లోతైన గిన్నెలాంటి మధ్యభాగం, రెండు పక్కలా లేచిన అంచులు. బావ కూడా మొదట్లో ఫైర్‌మన్‌గా చేసినవాడే. ఆవిడ చేతిలోంచి తీసుకుని అటూఇటూ తిప్పాడు.

"ఇది బజార్ల దొరికీది కాదు. ఇంజన్ల బొగ్గేసే పార," అన్నాడు.

ఇదెక్కడిదని ముసలమ్మని నేను అడిగాను. ఆవిడ అడగడమే ఆలస్యమన్నట్టు చెప్పింది.

"మా అత్తకి పైన గోతి పక్కన దొరికింది. నేను కాపురానికి రాకముందు మాట. నీలం బట్టల రైలు మనిషి ఒకడు దీన్ని భుజాన వేసుకుని వచ్చాడట. ఇదిగో, ఈ చెట్టు కిందే మంటపెట్టి, దీని మీదే చిలగడదుంపలు కాల్చుకుని తిన్నాడట. అప్పుడు మా ఆయన చిన్నపిల్లాడు, ఆయనకీ ఒకటి పెట్టాడట. పొద్దుపోయినా మనిషి దిగి రాలేదు. వెళ్లి చూస్తే పార ఒక్కటే ఉందట."

బావ చెవి మిషను పెట్టుకోలేదు. ఆవిడ చెప్పినదాన్ని నేను ఆయన చెవిలో ఒక్కో మాటే అరిచి చెప్పాను. నీలం బట్టలు అన్నప్పుడు తలూపాడు. దుంపలు అన్నప్పుడు మాత్రం గుడిసె ముందున్న మట్టి అరుగుమీద కూలబడి, పారని ఒళ్లో పెట్టుకున్నాడు. మీవాళ్లదైతే తీసుకుపోండి, మాకు ఇంకోటి ఉంది అని ముసలమ్మ అంది. ఆవిడే లోపలికెళ్లి ఒక రాయి తెచ్చి బావ చేతిలో పెట్టి, గుట్టవైపు తిరిగి ఆ దారి మొదట్లో వేయమంది. అక్కడ పోయినవాళ్లకి తమ ఊళ్లో అలా వేస్తారట. అక్కడ ఇదివరకే చిన్న కుప్ప ఉంది. బావ తన రాయిని దానిమీద జారిపోకుండా కుదురుగా పెట్టాడు.

గాలూడీలో సాయంత్రం బండి కాస్త ఆలస్యంగా వచ్చింది. నేను దిగేటప్పుడు బండ దగ్గర ఏరి తెచ్చిన పచ్చ తువ్వాల్లో పారని చుట్టి బావ ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ తువ్వాలు మళ్లీ తలకి చుట్టుకోవడం నావల్ల కాలేదు. ఎదురుగా కూర్చున్న కుర్రాడు, ఏంటి దాదా అంత జాగ్రత్తగా పట్టుకున్నారు, బంగారమా అని వేళాకోళమాడాడు. బావకి వినబడలేదు. బండి కదిలేటప్పుడు వెనక గార్డు పచ్చజెండా ఊపి ఉంటాడు. బావ తొంగిచూడలేదు. ఘాట్‌శిలా ముందు ఆ రెండు గుట్టలు వచ్చినప్పుడు కూడా కిటికీవైపు తిరగలేదు.

ఝార్‌గ్రామ్ దాటాక జేబులోంచి చెవి మిషను తీసి, తుడిచి, పెట్టుకున్నాడు.

"ఇయ్యాల తిథి ఏటిరా?" అన్నాడు.

నాకు అర్థమైంది. పోయిన రోజు తెలియనివాడికి, ఆ సంగతి తెలిసిన రోజు తిథికే తద్దినం పెడతారు. తిథి అక్కకే తెలుస్తుంది, క్యాలెండరు ఆవిడ వంటింట్లో ఉంటుంది. ఫోను కలిపాను. ఆయన బాగానే ఉన్నాడా అన్నదే అక్క మొదటి మాట. బాగానే ఉన్నాడు, పక్కనే ఉన్నాడన్నాను. తిథి అడిగాను.

"పాల్గుణ సుద్ద పంచిమి. ఎందుకురా?"

ఫోను బావకిచ్చాను.

"నారాయణమ్మా," అన్నాడు బావ, బండి మోతమీద గట్టిగా. "నాన్న దొరికినాడే. ఈ తిథికే ఇకమీద ఏడాదేడాదీ పెట్టుకుందాం."

నేను వంగి ఫోనుకి చెవి పెట్టాను. అక్క ఏడుస్తూనే అడిగింది.

"మావకి ఏటి వండాల? ఏటిష్టమో మా అత్త ఒక్కరోజూ సెప్పనేదు."

"సిలగడదుంపలు," అన్నాడు బావ. "డ్యూటీ దిగొచ్చేటప్పుడు ఇంజన్ల పార మీద కాల్సి తెచ్చీవోడు. ఒకపక్క మాడిపోయీది. ఆ మాడింది ఆయన తిని, మంచిది నాకిచ్చీవోడు."

ఎవరైనా ఈ కథనం చదివి ఆ గుట్టలకి బయల్దేరాలనుకుంటే, రైలు వేళలు చెప్పాను, టీ ఎక్కడ బాగుంటుందో చెప్పాను, ఊరి పేరు మాత్రం చెప్పను. నా భయం తగ్గలేదు. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ రాయి ఆకుల్లోకి జారుతూ కనిపిస్తుంది. అక్కకి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నానన్నదొక్కటే నాకు ఊరట.

ఖరగ్‌పూర్‌లో దిగేసరికి గోల్‌బజార్‌లో కొట్లు సర్దేస్తున్నారు. బావ పార చంకలో పెట్టుకుని నేరుగా కూరగాయల వైపు నడిచాడు. నేను వెనకే వెళ్లి సంచి తెరిచి పట్టుకున్నాను. ఆయన చిలగడదుంపల్ని ఒక్కొక్కటీ చూసి ఏరాడు.